హెడ్డాఫీసు కొలువులకు లెక్క ఏది?

గుంటూరు మిరప యార్డుకు ఈ రోజు ఎన్ని టిక్కీలు వచ్చాయి, ఎన్ని అమ్ముడుపోయాయి, తేజ రకం క్వింటాలు ఎంత పలికింది, తాలుకాయ ఎంత పలికింది అన్నది సాయంత్రానికల్లా పల్లెపల్లెకూ తెలిసిపోతుంది. మరునాడు పత్రికలో అచ్చవుతుంది. ధర నచ్చితే రైతు అమ్ముకుంటాడు. నచ్చకపోతే, చేతిలో కాస్త వెసులుబాటు వుంటే, కోల్డు స్టోరేజిలో పెట్టుకుంటాడు. లెక్క తెలిసింది గనుక నిర్ణయం కొంతవరకైనా అతని చేతిలో వుంటుంది. అదే రైతు కొడుకు డిగ్రీ చదివి ఉద్యోగానికి బయలుదేరితే, జిల్లాలో ఏ తరహా కొలువులు ఎన్ని వున్నాయి, నిరుటికంటే పెరిగాయా, తగ్గాయా అని చెప్పే కాగితం ఒక్కటీ దొరకదు. ముఖ్యంగా సంస్థల ప్రధాన కార్యాలయాల్లో వుండే కొలువుల సంగతి ఎవరికీ అంతుపట్టని వ్యవహారంగానే మిగిలిపోతున్నది.

మంగళగిరి చుట్టుపక్కల గ్రామాల వారికి ఈ లోటు మరీ బాధాకరం. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. 2015లో రాజధాని కోసం తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల రైతులు భూసమీకరణ కింద ముప్పై నాలుగు వేల ఎకరాలకు పైగా భూమి అప్పగించారు. అటు తర్వాత ఈ ప్రాంతానికి ఒక్కొక్కటిగా పెద్ద కార్యాలయాలు వచ్చాయి. డీజీపీ కార్యాలయం 2018లో మంగళగిరిలో మొదలైంది. రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ తన ప్రధాన కార్యాలయాన్ని మంగళగిరి ఐటీ పార్కులో పెట్టుకుంది. 2025 నవంబరు 28న అమరావతిలో పదిహేను బ్యాంకులు, బీమా సంస్థల కార్యాలయ భవనాలకు కేంద్ర ఆర్థిక మంత్రి శంకుస్థాపన చేశారు. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే రాజధాని గ్రామాల్లో ఏ అరుగు మీద కూర్చున్నా పెద్దల నోట వినవచ్చే ప్రశ్న ఒక్కటే. “ఏమయ్యా, ఆ అద్దాల మేడల్లో మనూరి పిల్లలు ఎందరున్నారు?” దీనికి అంకెతో సమాధానం చెప్పగలవారు ఇంతవరకూ కనపడలేదు.

ప్రధాన కార్యాలయ కొలువు అంటే ఏమిటో ముందుగా చెప్పుకోవడం మంచిది. ఒక సంస్థకు ఫ్యాక్టరీ ఒకచోట, గోదాము మరొకచోట, శాఖలు నలభై చోట్ల వుండవచ్చు. జీతాల బిల్లులు, పద్దులు, కొనుగోళ్లు, కోర్టు వ్యవహారాలు, ఆడిట్, ఉద్యోగుల నియామకం, ఏ వూళ్లో శాఖ తెరవాలి, ఏ వూళ్లో మూయాలి అన్న నిర్ణయాలు జరిగేది హెడ్డాఫీసులో. జీతాలు మెరుగ్గా వుండేవి, పదోన్నతులకు తోవ వుండేవి ఎక్కువగా ఈ కొలువులే. మన పెద్దలు చెప్పినట్టు వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదు. వడ్డించే చేతులు ఎక్కడ వున్నాయో తెలుసుకోవాలంటే ఈ లెక్క అవసరం.

ఇటువంటి కొలువులకు ప్రభుత్వ గణాంకాల్లో చోటు లేక కాదు. మన దేశంలో పరిశ్రమలను, వ్యాపారాలను వర్గీకరించే జాతీయ పట్టిక ఒకటి 2008 నుంచి వుంది. అందులో 70వ విభాగం పేరే ‘ప్రధాన కార్యాలయాల కార్యకలాపాలు, యాజమాన్య సలహాలు’. అంటే గడి గీసి పెట్టారు. జిల్లాల వారీగా ఆ గడిలో అంకె వేసి ప్రజల ముందు పెట్టే పనే జరగడం లేదు.

అమెరికాలో ఈ పని చేస్తున్నారు. అక్కడ ‘కంపెనీల నిర్వహణ’ అన్న రంగానికి 55 అన్న అంకె ఇచ్చారు. నిరుద్యోగ బీమా చట్టం కింద యజమానులు మూడు నెలలకోసారి ఏ నెలలో ఎంతమంది పనిచేశారో, ఎంత జీతం చెల్లించారో రాసి ఇవ్వాలి. ఆ కాగితాలనుంచే రాష్ట్రాల వారీగా, వాటి కింద మన జిల్లాల వంటి కౌంటీల వారీగా లెక్క తీసి ప్రచురిస్తారు. ఆ దేశం మొత్తం మీద ఈ రంగంలో ఇరవై లక్షలకు పైగా ఉద్యోగులున్నారు. ఏ కంపెనీ గుట్టూ బయటపడకుండా మొత్తం అంకె మాత్రమే ఇస్తారు. ఒక హెడ్డాఫీసు ఒక రాష్ట్రం వదిలి మరొక రాష్ట్రానికి తరలిపోతే ఆ తేడా కొద్ది నెలల్లోనే లెక్కలో కనపడుతుంది.

మన దగ్గర చట్టాలకు కొదవ లేదు. 1959లో వచ్చిన ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీల చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు, 25 మంది లేక అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలపవలసి వుండేది. మూడు నెలలకోసారి ఈఆర్-1 అనే ఫారంలో మొత్తం ఉద్యోగుల సంఖ్య, రెండేళ్లకోసారి ఈఆర్-2 ఫారంలో ఎవరు ఏ వృత్తిలో వున్నారన్న వివరం పంపవలసి వుండేది. పాటించకపోతే మొదటిసారి వేయగలిగిన జరిమానా అయిదు వందల రూపాయల లోపే వుండేది. అరవై ఏళ్లు దాటినా ఆ మొత్తం పెరగలేదంటే ఆ చట్టం పట్ల ఎంత శ్రద్ధ వుందో వేరే చెప్పనక్కరలేదు. ఆ చట్టాన్ని 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో కలిపివేశారు. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ఎక్స్ఛేంజి పేరు కెరీర్ సెంటరుగా మారింది. బోర్డు మీద పేరు మారినంత మాత్రాన లోపల లెక్క బాగుపడుతుందని ఆశించడానికి లేదు.

ఇతర లెక్కల సంగతీ ఇంతే. రిజిస్టరయిన ఫ్యాక్టరీలను ఏటా సర్వే చేస్తారు. కంపెనీగా నమోదు కాని చిన్న దుకాణాలకు, కార్ఖానాలకు వేరే సర్వే వుంది. ఈ రెంటికీ మధ్య పడేవి కంపెనీలుగా నమోదై, ఫ్యాక్టరీ లేకుండా ఆఫీసుల్లో నడిచే సంస్థలు. వీటికి ఏటా జరిగే సర్వే ఏళ్ల తరబడి లేదు. ఈ లోటును కేంద్ర గణాంక శాఖే గుర్తించి 2024లో ప్రయోగాత్మకంగా సర్వే చేయించింది. ఇక కార్మిక బలగం సర్వే ఇళ్లకు వెళ్లి అడిగేది. దాని పద్ధతిని 2025 జనవరి నుంచి మార్చి జిల్లాను ప్రాతిపదికగా తీసుకున్నారు. అయినా కొన్ని ఇళ్లను మాత్రమే అడిగే సర్వేలో ఒక జిల్లాలోని హెడ్డాఫీసు ఉద్యోగుల సంఖ్య తేలదు. ప్రతి దుకాణాన్నీ, ఆఫీసునూ తలుపు తట్టి లెక్కించేది ఆర్థిక గణన. ఆరవ ఆర్థిక గణన 2013లో జరిగింది. అప్పటికి రాష్ట్రం విడిపోలేదు. ఏడవది 2019లో ప్రారంభించినా దేశం మొత్తానికి ఫలితాలు వెలువడలేదు. అంటే నేటి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత ఇక్కడి ఆఫీసులను తలుపు తలుపునా లెక్కించి ప్రకటించిన పట్టిక ఒక్కటీ లేదన్నమాట.

భవిష్యనిధి సంస్థ ప్రతి నెలా కొత్తగా చేరినవారి సంఖ్యను రాష్ట్రాల వారీగా ప్రకటిస్తున్నది. ఇరవై మంది లేక అంతకు మించి పనిచేసే సంస్థలు అందులో వుంటాయి గనుక అది ఉపయోగపడే లెక్కే. కానీ ఒక కంపెనీ హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఒకే కోడ్ తీసుకుని అన్ని శాఖల వారికీ అక్కడినుంచే చందా కడితే, గుంటూరులో పనిచేసే మన పిల్లవాడు పొరుగు రాష్ట్రం పద్దులో పడతాడు. మనిషి ఇక్కడ, లెక్క అక్కడ.

చిరునామా మారితే ఏమవుతుందో తెలియాలంటే మన బ్యాంకుల చరిత్ర చాలు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. తర్వాత దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదు వెళ్లింది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమైంది. యూనియన్ బ్యాంకు ప్రధాన కార్యాలయం ముంబయి. పల్లెలో శాఖ అలాగే వుంది, క్యాషియరు అలాగే వున్నాడు, బోర్డు ఒక్కటే మారింది. కానీ నిర్ణయాలు జరిగే బల్లలు తెలుగు నేల దాటిపోయాయి.

దీనికి భిన్నమైన ఉదాహరణ మన ముంగిట్లోనే వుంది. 2025 మే 1న నాలుగు గ్రామీణ బ్యాంకులను కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకును ఏర్పాటు చేశారు. చైతన్య గోదావరికి గుంటూరు, ఆంధ్ర ప్రగతికి కడప, సప్తగిరికి చిత్తూరు, గ్రామీణ వికాస్‌కు వరంగల్లు ప్రధాన స్థానాలుగా వుండేవి. కొత్త బ్యాంకుకు ప్రధాన స్థానం అమరావతి. నాలుగు హెడ్డాఫీసుల స్థానంలో ఒకటి వచ్చింది. మన ప్రాంతానికి కొలువులు పెరిగినట్టా? నాలుగుచోట్ల వున్న కుర్చీల్లో కొన్ని మాయమైనట్టా? బ్యాంకు మీద నింద వేయడానికి ఈ ప్రశ్న వేయడం లేదు. విలీనానికి ముందు లెక్క, తర్వాత లెక్క పక్కపక్కన పెడితే చదువుకున్న పిల్లల తల్లిదండ్రులు తమకు తామే తెలుసుకుంటారు.

పంటల విషయంలోనూ ఇదే చూడవచ్చు. పొగాకు బోర్డు 1976లో ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం గుంటూరు. పండే ప్రాంతంలోనే పెద్ద కార్యాలయం పెట్టవచ్చునని అది రుజువు చేస్తున్నది. పత్తి మాట తీసుకుంటే, 1970లో ఏర్పడిన భారత పత్తి సంస్థ ప్రధాన కార్యాలయం నవీ ముంబయిలో వుంది. గుంటూరులో వున్నది శాఖ. మిరప యార్డుకు గుంటూరు పేరు దేశమంతా చెప్పుకుంటుంది. సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రధాన కార్యాలయం కొచ్చిలో వుంది. దుగ్గిరాల పసుపు యార్డు పాతది. జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం 2025లో నిజామాబాదులో వచ్చింది. కేరళ మీద, తెలంగాణ మీద మనకు ఈర్ష్య అక్కరలేదు. అక్కడా ఆ పంటలు పండుతాయి. పంట ఎక్కడ పండుతుందో ఏటా లెక్క వేస్తున్నవారు, ఆ పంట మీద నడిచే ఆఫీసు కొలువులు ఎక్కడ వున్నాయో కూడా లెక్క వేయాలన్నదే మన కోరిక.

లెక్క వేసేటప్పుడు జాగ్రత్త పడకపోతే అది కాకి లెక్క అవుతుంది. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు యాభై వేల మందికి పైగా ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. వారికి అది మేలే. కానీ ఆ రోజున సంస్థల పద్దులో అన్ని వేలు తగ్గి, ప్రభుత్వ పద్దులో అన్ని వేలు పెరిగాయి. కొత్తగా ఒక్క కొలువూ పుట్టలేదు, ఒక్కటీ పోలేదు. గడి మారింది, అంతే. ఇటువంటి మార్పును పక్కన రాసి చూపకపోతే ఒకరు పెరిగిందని చంకలు గుద్దుకుంటారు, మరొకరు తగ్గిందని గగ్గోలు పెడతారు.

గేటు దగ్గర మరొక చిక్కు వుంది. పెద్ద ఆఫీసులో కాపలా కాసే మనిషి, ఊడ్చే ఆడమనిషి, కారు డ్రైవరు, కంప్యూటరు ఆపరేటరు చాలావరకు ఔట్‌సోర్సింగ్ మనుషులు. పని చేసేది హెడ్డాఫీసులో, పేరు వుండేది ఏజెన్సీ రిజిస్టరులో. మన గ్రామాలవారికి దొరుకుతున్నవి ఎక్కువగా ఈ పనులేనని ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఆఫీసు చిట్టా చూస్తే వీరు కనపడరు. ఏజెన్సీ చిట్టా చూస్తే వీరు ఏ ఆఫీసులో వున్నారో తెలియదు. భూమి ఇచ్చిన కుటుంబంలోని పిల్లవాడు లోపల బల్ల దగ్గర కూర్చున్నాడా, బయట గేటు దగ్గర నిలబడ్డాడా అన్నది ముఖ్యమైన విషయం. ఏ పనీ తక్కువది కాదు. రెంటినీ ఒకే అంకెలో కలిపి ‘ఇన్ని ఉద్యోగాలు ఇచ్చాం’ అని చెప్పడం మాత్రం న్యాయం కాదు.

స్థానికులకు వాటా అన్న మాట వచ్చినప్పుడల్లా పెద్ద కార్యాలయాలకు మినహాయింపు వుండడం కూడా గమనార్హం. ఆరు సూత్రాల పథకాన్ని అనుసరించి 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రభుత్వోద్యోగాల్లో లోకల్ కేడర్లను ఏర్పరిచింది. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాలు మూడో జోనుగా వుండేవి. కానీ సచివాలయానికి, శాఖాధిపతుల కార్యాలయాలకు, రాష్ట్రస్థాయి సంస్థలకు ఆ ఉత్తర్వు వర్తించలేదు. రాష్ట్రమంతటికీ చెందిన ఆఫీసులో అన్ని జిల్లాలవారికీ హక్కు వుండాలన్నది సబబే. శ్రీకాకుళం పిల్లవాడికీ, అనంతపురం పిల్లవాడికీ మంగళగిరిలో కొలువు దొరకవలసిందే. అయితే ఏ జిల్లావారు ఎందరున్నారో లెక్క వుంటే ఎవరికీ అనుమానం వుండదు. 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అంటూ రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. అటువంటిదే హర్యానా చేసిన చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023 నవంబరులో కొట్టివేసింది. వాటా పెట్టాలా వద్దా అన్నది కోర్టులు తేలుస్తాయి. లెక్క పెట్టడాన్ని ఏ కోర్టూ కాదనలేదు.

నేడు ఈ లెక్క మరింత అవసరం కావడానికి కారణం వుంది. ఉద్యోగాలు వస్తాయన్న మాట మీద ప్రభుత్వాలు భూములు ఇస్తున్నాయి. 2025లో విశాఖపట్నంలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలను 99 పైసలకు కేటాయించారు. 12 వేల ఉద్యోగాలు వస్తాయని ప్రకటించారు. పరిశ్రమ రావాలంటే కొంత రాయితీ తప్పదన్న వాదనను కాదనలేం. భూమిని రూపాయి లోపు ధరకు ఇచ్చినప్పుడు మిగతా ధర ఉద్యోగాల రూపంలో ప్రజలకు ముట్టవలసి వుంది. పాలు పోసినవాడికి కేంద్రంలో ఎన్ని లీటర్లు, ఎంత వెన్న శాతం అని చీటీ ఇస్తారు. భూమి ఇచ్చిన ప్రజలకు కూడా ఏటా ఒక చీటీ ఇవ్వాలి.

ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం కంపెనీల నుంచి వివరాలు అడిగే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి కూడా ఇచ్చింది. ఏ కంపెనీ వివరం దానిదేనని గుర్తుపట్టేలా బయటపెట్టరాదన్న రక్షణా అందులోనే వుంది. జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం, ఉపాధి శాఖ అధికారులు కలిసి మూడు నెలలకోసారి ఒక్క పేజీ పట్టిక తయారు చేయవచ్చు. జిల్లాలోని ప్రధాన, ప్రాంతీయ కార్యాలయాల్లో మొత్తం ఉద్యోగులెందరు, వారిలో పర్మినెంటు ఎందరు, కాంట్రాక్టు ఎందరు, ఔట్‌సోర్సింగ్ ఎందరు, స్త్రీలెందరు, జిల్లావారు ఎందరు అన్న ఆరు అంకెలు చాలు. ఔట్‌సోర్సింగ్ వారిని ఏజెన్సీ చిరునామాలో కాక పనిచేసే చోటే లెక్కించాలి. రాయితీ పొందిన సంస్థల విషయంలో ఇస్తామన్న సంఖ్య, ఇచ్చిన సంఖ్య పక్కపక్కన ప్రకటించాలి. ఆ పేజీని తెలుగులో అచ్చువేసి కలెక్టరు కార్యాలయంలోను, మండల కార్యాలయాల్లోను, గ్రామ సచివాలయాల్లోను నోటీసు బోర్డు మీద అంటించాలి.

అధికారులకు పని భారం పెరుగుతుందనవచ్చు. మిరప యార్డులో రోజుకు వేలాది టిక్కీలను లెక్కించగలుగుతున్నాం. మూడు నెలలకోసారి కొద్దిపాటి ఆఫీసుల హాజరుపట్టీ లెక్కించలేమా? అంకె చిన్నదైతే ప్రజలు నిరాశ పడతారని కొందరనవచ్చు. రైతుకు ధర పడిపోయిన రోజులు కొత్త కాదు. పడిపోయిందని తెలిస్తే జాగ్రత్త పడతాడు. ఏ చదువుకు గిరాకీ వుందో తెలిస్తే తండ్రి అప్పుచేసి కొడుకును ఏ కోర్సులో చేర్చాలో ఆలోచించుకుంటాడు. పద్దులు రాయగలవారు కావాలా, కంప్యూటరు తెలిసినవారు కావాలా, చట్టం చదివినవారు కావాలా అన్నది తెలియక పిల్లలందరినీ ఒకే గాటన ఒకే చదువుకు తోలుతున్నాం.

ప్రజలు చేయదగిన పని కూడా ఒకటి వుంది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దాని నాలుగో సెక్షను ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన అధికారుల, ఉద్యోగుల పట్టికను, వారి నెలజీతాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. ప్రకటించకపోతే అర్జీ పెట్టి అడగవచ్చు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో ఈ అర్జీకి రుసుము లేదు. మండలస్థాయిలో అయిదు రూపాయలు, ఆపైన పది రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇంటర్మీడియెట్ చదివిన పిల్లలు ప్రతి ఊళ్లోనూ వున్నారు. యువజన సంఘాలు, పంచాయతీ సభ్యులు ఊరికొక సంస్థను పంచుకుని అడిగితే జిల్లా కేంద్రం పట్టిక తయారు చేసేలోగా మన పట్టిక మనమే కొంత తయారు చేసుకోవచ్చు.

రాజధాని ప్రాంతంలో భవనాలు లేస్తున్నాయి. ఎన్ని అంతస్తులో, ఎన్ని చదరపు అడుగులో శిలాఫలకాల మీద చెక్కుతున్నారు. లోపల ఎన్ని కుర్చీలున్నాయి, వాటిలో ఎవరు కూర్చున్నారన్నది కూడా ప్రజలకు చెప్పవలసి వుంది. జిల్లా కలెక్టరు, రాష్ట్ర గణాంక శాఖ అధికారులు ఈ విషయమై వెంటనే దృష్టి సారించి, మొదటి పట్టికను వచ్చే మిరప సీజనులోగా ప్రకటిస్తారని ఆశిద్దాం. తూకం వేయకుండా సరుకు వదలని రైతుకు, భూమికి బదులుగా వచ్చిన కొలువుల తూకం చూసే హక్కు వుంది.